గడప దాటిన మాట: సోషల్ మీడియా అనువాదాలు, దేశాల పరువు

(అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం సందర్భంగా ఒక డిగ్రీ కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, తెలుగు శాఖ అధ్యాపకులకు, పరీక్షల టెన్షన్‌లో ఉండి కూడా వచ్చి కూర్చున్న పిల్లలకు నా కృతజ్ఞతలు.

ఫిబ్రవరి 21న మాట్లాడమంటే తెలుగు తీయదనం గురించి చెబుతాననుకుని ఉంటారు. నేను ఒక కన్నడ వాక్యంతో మొదలుపెడతాను. పాతికేళ్లుగా అనువాదమే నా పని. పుస్తకాలు చేశాను, కోర్టు కాగితాలు చేశాను, మందుల డబ్బాల్లో మడిచి పెట్టే చీటీలు కూడా చేశాను. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఏమవుతుందో తెలిసినవాణ్ణి. అయినా నిరుడు జూలైలో ఆ వాక్యానికి పట్టిన గతి చూసి ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

2025 జూలై 14న నటి బి. సరోజాదేవి గారు బెంగళూరులో కన్నుమూశారు. 87 ఏళ్లు. మీ అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని అడగండి, ఆమె ఎవరో చెబుతారు. మర్నాడు కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారు వెళ్లి నివాళులర్పించారు. ఆయన కార్యాలయం ఆ విషయాన్ని కన్నడంలో సోషల్ మీడియాలో పెట్టింది. ఆ వాక్యాన్ని మాటకు మాటగా తెలుగులో బోర్డు మీద రాస్తాను, చూడండి.

"ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారు నిన్న మరణించిన బహుభాషా తార, సీనియర్ నటి బి. సరోజాదేవి గారి పార్థివదేహాన్ని దర్శించి, అంతిమ నివాళులర్పించారు."

మీలో ఒక్కరికైనా అనుమానం వచ్చిందా? రాలేదు. ఎవరు మరణించారు, ఎవరు వెళ్లారు అని ఎవరూ అడగరు. కానీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ వేదికల మీద దాన్ని ఇంగ్లీషులో చదివినవాళ్లకు మొదట కనిపించింది ఏమిటంటే, ముఖ్యమంత్రి సిద్ధరామయ్య నిన్న మరణించారు అని. ఆ తర్వాత నటి పేరు, పార్థివదేహం, నివాళి, అన్నీ కలగాపులగం.

ఇక్కడ కొంచెం ఆగుదాం. "మరణించిన" అనే మాటను చూడండి. చివర్న ఉన్న ఆ "న" వెనక్కి తిరగదు, తన తర్వాత వచ్చే నామవాచకం మీదకే వాలుతుంది. "వచ్చిన అబ్బాయి", "ఎండిన చెట్టు", "మరణించిన నటి". దీన్ని మనకు ఎవరూ నేర్పలేదు, అన్నం కలిపి పెడుతూ అమ్మ మాట్లాడిన మాటల్లోంచి వచ్చేసింది. కన్నడంలోనూ ఇదే పద్ధతి. కర్త వాక్యం మొదట్లో కూర్చుంటాడు, క్రియ చివర్లో వస్తుంది, మధ్యలో ఎంత పెద్ద పందిరి అయినా వేసుకోవచ్చు. ఇంగ్లీషులో అలా కుదరదు, మామూలుగా కర్త పక్కనే క్రియ వస్తుంది. ఆ అలవాటు మీద పెరిగిన యంత్రం కర్త తర్వాత మొదట కనిపించిన క్రియను తెచ్చి కర్తకు అంటగట్టింది. నాకు అర్థమైనంతలో జరిగింది అంతే. బతికున్న మనిషిని చంపేసింది.

ముఖ్యమంత్రి కార్యాలయం వెంటనే మెటాకు ఉత్తరం రాసింది. సరిగ్గా వచ్చేదాకా కన్నడ ఆటోమేటిక్ అనువాదాన్ని ఆపెయ్యమని కోరింది. కంపెనీ క్షమాపణ చెప్పి, లోపం సరిచేశామంది. అక్కడితో ముగిసింది. కానీ కాస్త ఆలోచించండి. కన్నడం రాని ఎంతోమందికి ఒక రాష్ట్ర ప్రభుత్వం గొంతుతో అబద్ధం వినిపించింది. ఆ ప్రభుత్వం అబద్ధం చెప్పలేదు. చెప్పినట్టు కనిపించింది. ఈరోజు నేను చెప్పదలచుకున్న బాధ ఇదే.

పూర్వం ఒక దేశం మరో దేశంతో మాట్లాడాలంటే మధ్యలో దుబాసీ ఉండేవాడు. రెండు భాషలూ తెలిసినవాడు, ఎదురుగా నిలబడి ఉండేవాడు. వాళ్లు తప్పులు చేయలేదా అంటే చేశారు. 1977 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పోలెండ్ వెళ్లి వార్సా విమానాశ్రయంలో మాట్లాడారు. మీ ఆకాంక్షలు తెలుసుకోవడానికి వచ్చాను అని ఆయన అంటే, దుబాసీ కామవాంఛ ధ్వనించే మాట వాడాడు. ఈ ఉదయం అమెరికా నుంచి బయల్దేరాను అంటే, అమెరికాను శాశ్వతంగా వదిలేసి వచ్చినట్టు చెప్పాడు. పోలిష్ జనం నవ్వుకున్నారు, పత్రికలు రాశాయి, అమెరికన్లు దుబాసీని మార్చుకున్నారు. తప్పు ఎవరిదో అందరికీ తెలుసు. మంచి దుబాసీకి ఇంకో గుణం కూడా ఉంటుంది. మాట తెలియకపోతే "ఒక్క నిమిషం ఆగండి, ఇది నాకు అర్థం కాలేదు" అంటాడు. నేనూ ఎన్నోసార్లు అన్నాను. యంత్రం ఆ మాట అనదు. తెలిసినదాన్ని ఎంత నిబ్బరంగా చెబుతుందో, తెలియనిదాన్నీ అంతే నిబ్బరంగా చెబుతుంది.

2020 జనవరిలో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ మయన్మార్ వెళ్లారు. చైనా అధ్యక్షుడు ఆ దేశంలో అడుగుపెట్టడం 19 ఏళ్లలో అదే మొదటిసారి. 33 ఒప్పందాల మీద సంతకాలు జరిగాయి. అప్పటి మయన్మార్ నాయకురాలు ఆంగ్ సాన్ సూకీ గారి అధికారిక ఫేస్‌బుక్ పేజీలో ఆ పర్యటన విశేషాలు వాళ్ల బర్మీస్ భాషలో పెట్టారు. ఇంగ్లీషు అనువాదంలో షీ జిన్‌పింగ్ పేరు ఉండాల్సిన చోట, ఈ సభలో పలకలేని ఒక బూతుమాట వచ్చింది. ఒకసారి కాదు, పదే పదే. ఫేస్‌బుక్ క్షమాపణ చెబుతూ కారణం కూడా చెప్పింది. తమ బర్మీస్ సమాచారంలో ఆ పేరే లేదు, యంత్రం ఊహించి ఏదో పెట్టింది అని.

ఊహించింది! పొరుగున ఉన్న మహా దేశపు అధినేతను ఇంటికి పిలిచి అతిథి మర్యాద చేస్తున్న చిన్న దేశం, ఆ దేశపు నాయకురాలి సొంత పేజీ. అందులో అతిథి పేరుకు బదులు బూతు. ఆ పేజీ నడిపే ఉద్యోగి తన భాషలో అన్నీ సరిగ్గానే రాశాడు. అతనికి ఆ అనువాదం కనిపించదు కూడా, ఎందుకంటే అతను బర్మీస్‌లోనే చదువుకుంటాడు. మన పేరు మీద బయట ఏం తిరుగుతోందో మనకు కనబడకపోవడం ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టే విషయం.

అదే బర్మీస్ భాషలో ఇంతకన్నా ఘోరం ఏడాదిన్నర ముందు బయటపడింది. 2018 ఆగస్టులో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక పరిశోధన కథనం వేసింది. మయన్మార్‌లోని ముస్లిం మైనారిటీలైన రోహింగ్యాల మీద దాడులతో లక్షలమంది బంగ్లాదేశ్‌కు పారిపోయిన కాలం అది. ముస్లింలను ఒక తిట్టుపేరుతో ప్రస్తావిస్తూ, కనిపించినవాళ్లందరినీ చంపండి, ఒక్కణ్ణీ బతకనివ్వద్దు అని అర్థం వచ్చే బర్మీస్ పోస్టు ఒకటుంది. ఫేస్‌బుక్ దానికిచ్చిన ఇంగ్లీషు అనువాదం ఏమిటో తెలుసా? మయన్మార్‌లో నాకు ఇంద్రధనుస్సు ఉండకూడదు అని.

ఇంద్రధనుస్సు. ఆ మాట చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. తప్పుడు అనువాదం అంటే పరువు తీయడమే అనుకుంటాం. కానీ మారణహోమానికి పిలుపునిచ్చే మాటను అందమైన మాటతో కప్పేసి, ప్రపంచం కళ్లకు గంతలు కట్టడం కూడా తప్పుడు అనువాదమే. ఆ కథనం తర్వాత ఫేస్‌బుక్ బర్మీస్ అనువాదాన్ని ఆపేసింది. మళ్లీ ఎప్పుడో తెరిచింది, 2020లో షీ జిన్‌పింగ్ పేరు దగ్గర బోల్తాపడింది.

థాయ్‌లాండ్‌లో 2020 జూలైలో రాజు పుట్టినరోజు వేడుకల ప్రసారానికి వచ్చిన థాయ్ అనువాదం పెద్ద గొడవైంది. రాజును అవమానిస్తే 15 ఏళ్ల దాకా జైలు వేసే దేశం. ఫేస్‌బుక్ క్షమాపణ చెప్పి ఇంగ్లీషు నుంచి థాయ్‌కి ఆటోమేటిక్ అనువాదం ఆపేసింది. దాని గురించి ఎక్కువ చెప్పను, ఇంకో మనిషి కథ చెప్పాలి.

2017 అక్టోబరు. వెస్ట్ బ్యాంక్‌లో ఒక పాలస్తీనా కూలీ. ఇజ్రాయెలీలు అక్కడ కట్టుకున్న కాలనీల్లో (సెటిల్‌మెంట్లు) ఒకదాంట్లో నిర్మాణ పని చేసేవాడు. పొద్దున్నే బుల్డోజర్‌కు ఆనుకుని, చేతిలో కప్పు, సిగరెట్‌తో ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. కింద వాళ్ల వాడుక అరబిక్‌లో శుభోదయం చెబుతూ ఒక్క మాట రాశాడు. అనువాద యంత్రం దాన్ని హీబ్రూలో "వాళ్లపై దాడి చెయ్యి" అనీ, ఇంగ్లీషులో "వాళ్లను గాయపరచు" అనీ చూపించింది. పోలీసులు వచ్చి పట్టుకెళ్లారు. గంటల తరబడి ప్రశ్నించి, తప్పు తెలుసుకుని వదిలేశారు. అరెస్టు చేసే ముందు ఆ పోస్టును అరబిక్ తెలిసిన ఒక్క అధికారి కూడా చదవలేదు. అతను రాసిన శుభోదయం మాటకూ, గాయపరచు అనే మాటకూ తేడా ఒక్క అక్షరం. ఒక జాతి మీద ముందే అనుమానం ఉన్నచోట యంత్రం చెప్పిన తప్పును ఎవరూ మళ్లీ చూసుకోరు. అనుకున్నదే కనబడింది కదా అనుకుంటారు.

ఇందులో యంత్రం ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. అది మన రాతల నుంచే నేర్చుకుంటుంది. 2016 జనవరిలో గూగుల్ అనువాదంలో యుక్రేనియన్ నుంచి రష్యన్‌లోకి "రష్యన్ ఫెడరేషన్" అని కొడితే "మోర్డోర్" అని వచ్చింది. మోర్డోర్ అంటే ఒక ప్రసిద్ధ ఆంగ్ల కాల్పనిక గాథలో రాక్షస రాజ్యం. రష్యన్లు అన్న మాటకు "ఆక్రమణదారులు" అని వచ్చింది. గూగుల్ దాన్ని సరిదిద్దింది. కానీ అది ఎక్కణ్ణుంచి వచ్చింది? 2014లో క్రిమియాను రష్యా లాక్కున్నాక యుక్రేన్ జనం కడుపుమంటతో ఇంటర్నెట్‌లో రష్యాను ఆ పేరుతోనే పిలిచారు. ఒక జాతి కోపం యంత్రం నిఘంటువులోకి ఎక్కి, పర్యాయపదమై కూర్చుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. అనువాదం సరిగ్గా ఉన్నా పరువు పోవచ్చు. 2022లో రష్యా యుక్రేన్ మీదకు వెళ్లినప్పుడు, చైనా సోషల్ మీడియాలో కొందరు యుక్రేన్ అమ్మాయిల గురించి చాలా నీచంగా రాశారు, యుద్ధాన్ని వినోదంగా చూశారు. కొందరు వాటిని ఏరి, ఇంగ్లీషులోకి మార్చి ట్విట్టర్‌లో పెట్టడం మొదలుపెట్టారు. దానికి మహా అనువాద ఉద్యమం అని పేరు. మనుషులే చేశారు, మాటలు నిజమైనవే. ఏరి ఏరి చెడ్డవే చూపిస్తున్నారని చైనా ప్రభుత్వ పత్రికలు మండిపడ్డాయి. నిజం చెప్పాలంటే ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఆ రాతలు రాసినవాళ్లు ఉన్నారు. 140 కోట్ల మంది అవి రాయలేదు. అప్పట్లో ఆ పని చేయడానికి చైనీస్ వచ్చినవాళ్లు కూర్చుని కష్టపడాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ కష్టం అక్కర్లేదు. మన ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు అర్ధరాత్రి పోట్లాడుకున్న మాటలను ఏ దేశంలోవాడైనా తన భాషలో చదవొచ్చు. చాలాచోట్ల మీట కూడా నొక్కక్కర్లేదు, అనువాదమే ముందు కనిపిస్తుంది, అసలు మాట చూడాలంటేనే నొక్కాలి. ఇంటి గడప లోపల అనుకున్న మాటకూ, వీధిలో నిలబడి చెప్పిన మాటకూ తేడా లేకుండా పోయింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2011 జనగణన ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8.11 కోట్ల మంది. ఐస్‌లాండ్ జనాభా మొత్తం దాదాపు 4 లక్షలు, మన జిల్లాలో ఒక మూలకు సరిపోతారు. కానీ వాళ్ల ప్రభుత్వం 2023లోనే పెద్ద ఏఐ కంపెనీతో కూర్చుని తమ భాషను యంత్రానికి దగ్గరుండి నేర్పించింది. యంత్రానికి జనం సంఖ్య తెలియదు. రెండు భాషల్లో పక్కపక్కన ఉన్న మంచి పాఠం ఎంత ఉందన్నదే దానికి ముఖ్యం. మన దగ్గర అలాంటిది ఏముంది? ప్రభుత్వ ప్రకటనలు, బైబిల్, కొంత వార్తల భాష. అందుకే అది బడ్జెట్ ప్రసంగాన్ని ఫర్వాలేదనిపించేలా మారుస్తుంది. మీరు మాట్లాడుకునే భాష దగ్గర చతికిలపడుతుంది.

దానికి తోడు మనలో సగంమంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం. అలా రాస్తే కళ్లు, కల్లు, కాళ్లు మూడూ ఒకటే స్పెల్లింగు. "నీ కళ్లు బాగున్నాయి" అని ఒక అబ్బాయి రాస్తే యంత్రం దేన్ని మెచ్చుకోవాలి?

2022 అక్టోబరులో మన తెలుగు సినిమా ఒకటి జపాన్‌లో విడుదలై నెలల తరబడి ఆడింది. అక్కడి అభిమానులు మన నటుల తెలుగు పోస్టులను అనువాదం నొక్కి చదువుకుంటున్నారు. ఎంత మంచి విషయం! తెలుగు అనే భాష ఉందని తెలియని ఇళ్లలో తెలుగు పేర్లు పలుకుతున్నారు. ఏ రాయబార కార్యాలయమూ అంత పని చేయలేదు. కానీ వాళ్లే మన అభిమానుల మధ్య జరిగే గొడవలను కూడా అదే మీటతో చదువుతారు. "చంపేస్తాం", "నరికేస్తాం", తల్లుల మీద మాటలు. అవి యంత్రానికి బాగానే వస్తాయి, అనుమానం వద్దు.

మా అన్నయ్య కొడుకు డాలస్‌లో ఉంటాడు. నాలుగేళ్ల క్రితం ఒక సినిమా మొదటి ఆట చూసొచ్చి, "థియేటర్ తగలబెట్టేశాం, స్క్రీన్ చించేశాం, మావాడు చంపేశాడు" అని తెలుగులో రాశాడు. మీరందరూ నవ్వుతున్నారు, అంటే అర్థమైందన్నమాట. వాడి ఆఫీసులో ఒకావిడ అనువాదం చదివింది. థియేటర్‌కు నిప్పు పెట్టారు, తెర చింపారు, వీళ్ల మనిషి ఎవరినో హత్య చేశాడు. ఆవిడది చెడు ఉద్దేశం కాదు, భయపడింది, పైవాళ్లకు చెప్పింది. వాణ్ణి పిలిచి అడిగారు. ఆ రాత్రి నాకు ఫోన్ చేశాడు. "బాబాయ్, నేను చెప్పింది నమ్మారులే. కానీ అయిపోయాక ఆవిడ నన్ను పక్కకు పిలిచి, మీ దేశంలో సినిమా చూడటం ఇంత ప్రమాదమా అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు" అన్నాడు.

దేశం పరువు అంటే ఐక్యరాజ్యసమితిలో జరిగేది మాత్రమే కాదు. ఆఫీసు క్యాంటీన్లో ఆవిడ మనసులో ఏర్పడిన బొమ్మ కూడా అదే.

వీసా సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. 2019 మే చివరి నుంచి అమెరికా వీసా ఫారాల్లో ఐదేళ్ల సోషల్ మీడియా ఖాతాలు అడుగుతున్నారు. 2025 జూన్‌లో చదువుకు వెళ్లేవాళ్లు ఖాతాలు అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలన్నారు, డిసెంబరు నుంచి హెచ్-1బీ వాళ్లకూ అదే నియమం పెట్టారు. శరణార్థుల పోస్టులు పరభాషలో ఉంటే ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే అనువాద సేవలు వాడుకోవచ్చని అక్కడి వలస శాఖ తన ఉద్యోగులకు చెప్పిన మాన్యువల్ 2019లో బయటికొచ్చింది. మీ పోస్టు ఎవరు, ఎలా చదువుతారో నేను చెప్పలేను. ఆ అరబిక్ శుభోదయం మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇక ప్రభుత్వ పేజీలు నడిపేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ముఖ్యమంత్రి గారిదైనా, కలెక్టర్ గారిదైనా, తెలుగు కిందే మనిషి చేసిన ఇంగ్లీషు పాఠం మీరే పెట్టండి. పది నిమిషాల పని. పెట్టాక వేరే ఫోన్లో ఇంగ్లీషు సెట్టింగ్ పెట్టుకుని మీ పేజీని మీరే ఒకసారి చదవండి. కంపెనీలను అడగాల్సింది అంతకన్నా గట్టిగా అడగాలి. నమ్మకం లేనిచోట యంత్రం మాట్లాడకూడదు. అసలు మాటనే చూపించి, ఇది మాకు సరిగ్గా తెలియదు అని రాయాలి. కర్ణాటక అడిగింది. మన రెండు రాష్ట్రాలూ అడగాలి, గొడవ జరగకముందే అడగాలి.

ఒక అమ్మాయి చేయి ఎత్తింది. చెప్పమ్మా. ... ప్రశ్న అందరికీ వినపడిందా? యంత్రానికి అర్థమయ్యేలా మనమే వాక్యం మార్చి రాసుకుంటే సరిపోదా, సరోజాదేవి గారి పేరు ముందుపెట్టి, ముఖ్యమంత్రి గారి పేరు తర్వాత పెడితే తప్పు వచ్చేది కాదు కదా అంటోంది.

మంచి ప్రశ్న. ప్రభుత్వ ప్రకటనల వరకు అలా చేయొచ్చమ్మా, చేస్తే మంచిదే. కానీ నువ్వు మీ స్నేహితురాలికి రాసేటప్పుడు అలా చేయొద్దు. ఆ కన్నడ వాక్యంలో తప్పు లేదు. కన్నడం వచ్చిన ప్రతి ఒక్కరికీ అర్థమైంది. యంత్రం కోసం ఒక్కో వాక్యం సర్దుకుంటూ పోతే చివరికి ఏమవుతుందో నేను చూశాను. మా అన్నయ్య కొడుకు ఆ గొడవ తర్వాత పాత పోస్టులన్నీ తీసేశాడు. తెలుగులో రాయడం మానేశాడు. మొన్న పండక్కి వాళ్లావిడ డాలస్‌లో ఇంటి ముందు రథం ముగ్గు వేసింది. చాలా బాగా వేసింది, చుక్క తప్పలేదు. వాడు ఫోటో పెట్టి, కింద ఇంగ్లీషులో "హ్యాపీ పొంగల్" అని రాశాడు. మా వదిన అది చూసి, సంక్రాంతి అని రాయలేదేమిట్రా అని ఫోన్లో అడిగితే, "ఎందుకులే అమ్మా, ఇదైతే అందరికీ తెలుసు" అన్నాడట.